నత్తల కాగితానికి తాళం

అండమాన్‌లోని బతు బస్తీలో పుష్పవతి ఒక ప్రశ్న పట్టుకుందంటే, జవాబు దొరికేదాకా దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని తిరుగుతుంది. ఆ ఏడు ఆమె చంకలో ఉన్న ప్రశ్న ఒక్కటే. "నత్తల కాయితం ఏదే?"

అడిగేది మేనకోడలు నాన్సీని. నాన్సీ పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. రెండు వానాకాలాలు బతు బస్తీ పెరళ్ళలో ఆఫ్రికా నత్తల వెంటపడి, వాటి మీద ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసింది. ఆఫ్రికా నత్తను చూడనివాళ్ళు అదృష్టవంతులు. పిడికిలంత ఉంటుంది. వాన పడితే గోడెక్కుతుంది. బెండ మొలక, బొప్పాయి ఆకు, ఆనప తీగ, ఒకటేమిటి, దండెం మీద ఆరేసిన చొక్కా తప్ప అన్నీ తింటుంది.

నత్తలు ఏరింది మాత్రం నాన్సీ కాదు, తెలుగు చర్చి స్త్రీల సమాజం. సాయంత్రం పెరట్లో బొప్పాయి ఆకులు పోసి, పైన తడి గోనెసంచి పరిచి, పొద్దున్నే సంచి ఎత్తి, కింద చేరినవాటిని బకెట్లో వేసి, ఎన్ని దొరికాయో నాన్సీకి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్ళు. సమాజానికి పెద్ద పుష్పవతి. ఆమె మెసేజ్ నత్తల లెక్కతో మొదలై పక్కింటి ఫేబే మీద ఫిర్యాదుతో ముగిసేది.

"అచ్చయ్యాక మీ అందరికీ చూపిస్తాను" అని నాన్సీ మాటిచ్చింది. అచ్చయింది. రెండేళ్ళు దాటింది. చూపించలేదు.

"కంపెనీవాళ్ళు తాళం వేశారత్తా. డబ్బు కడితేగానీ తెరుచుకోదు."

"రాసింది నువ్వేనా?"

"నేనే."

"నత్తలు మాయేనా?"

"మీవే."

"మరి మజ్జిలో ఆడేటి సేసాడే?"

"అచ్చువేశాడు."

"కాయితం మీదా?"

"కాదు. ఇంటర్నెట్‌లో."

పుష్పవతి లెక్క తేల్చేసింది. "అంటే కాయితం కూడా ఆడిది కాదన్నమాట."

ఈ వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే కథ ముందుకు నడవదు. నాన్సీ జీతం సర్కారు ఇస్తుంది, అంటే జనం ఇస్తారు. నత్తలు జనం పెరళ్ళవి. రాసింది నాన్సీ. అందులో తప్పులున్నాయేమో చూసింది ఎక్కడెక్కడో ఉన్న ఇద్దరు మేష్టార్లు, వాళ్ళకూ దమ్మిడీ ముట్టలేదు. ఇంత అయ్యాక కంపెనీ వస్తుంది. పేజీని రెండు నిలువు వరసలుగా దిద్ది, పైన తన బొమ్మ వేసుకుని, తాళం బిగించి, తాళంచెవి అమ్ముతుంది. కొనేది మళ్ళీ జనం డబ్బుతో నడిచే కాలేజీలే. కోడిని మనమే పెంచి, మనమే కోసి, మనమే వండి, విస్తరి వేసినవాడికి బిల్లు కట్టడం. దీనికి ఉన్నత విద్య అని పేరు.

అయితే ఆ తాళానికి ఒక దొడ్డిదారి కాదు, రాజమార్గమే ఉంది. ఆ సంగతి నాన్సీకి తెలియకుండా పోవడానికి వీల్లేదు, ఎందుకంటే కాలేజీ లైబ్రేరియన్ యుగంధర్ కనబడ్డప్పుడల్లా అదే చెబుతాడు. కాలేజీకి సొంత రిపాజిటరీ ఒకటి ఉంది. కాలేజీవాళ్ళు రాసినవన్నీ పోసి, ఎవరొచ్చి అడిగినా ఉచితంగా తలుపు తీసే గాదె, కాకపోతే ఇంటర్నెట్‌లో ఉంటుంది. దానికి కాపలాదారు యుగంధర్. కాపలా అంటే ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటం కాదు, ఎవరైనా తెచ్చి పోస్తారేమోనని ఎదురుచూడటం.

"మేడమ్, కంపెనీ దిద్దిన ప్రతి కంపెనీది. దాన్ని మీరు పంచకూడదు. పరీక్షకుల దగ్గర పాసైన మీ సొంత ప్రతి ఉంది చూడండి, అది రిపాజిటరీలో పెట్టుకునే హక్కు మీది. సంతకం పెట్టించుకున్నప్పుడు వాళ్ళే ఒప్పుకున్నారు. ఏడాది ఆగమన్నారు. ఆ ఏడాది గడువు కిందటేడు వినాయక చవితికే అయిపోయింది. ఇంకా దేనికండీ ఇంతెజార్?"

"ఫైలు ఎక్కించాను కదా భయ్యా."

"ఎక్కించారు. చివరి బటన్ నొక్కలేదు. మీ నత్త గుమ్మం దగ్గరే కూర్చుంది, లోపలికి రాదు, బయటికి పోదు."

నాన్సీ నవ్వేసి వెళ్ళిపోయేది. చూసేవాళ్ళు కంపెనీకి భయపడుతోంది అనుకునేవాళ్ళు. కంపెనీ ఏం చేస్తుంది, దాని మొహం. నాన్సీకి భయం వాళ్ళ నాన్నంటే.

నాన్సీ తండ్రి ఆనందబాబు కాంట్రాక్టరు. హాడో రేవులో ఓడ దిగిన సిమెంటు నుంచి బతు బస్తీ పల్లపు స్థలాల్లో మట్టి నింపడం దాకా ఆయన చెయ్యి పడని పని లేదు. పెళ్ళిలోనైనా పుట్టినరోజు కేకు దగ్గరైనా ఆయన ఒక మాట అని తీరతాడు: "బతు బస్తీలో సగం ఇళ్ళ కింద నా మట్టే ఉంది." ఇప్పుడు నాన్సీ వ్యాసంలో నాలుగో పేజీ ఏమంటుందంటే, ఆఫ్రికా నత్త ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి నడిచి వెళ్ళడం తక్కువ, టిప్పర్ ఎక్కి వెళ్ళడం ఎక్కువ. పాత ఇళ్ళు పడగొట్టిన చోట ఎత్తిన పెరటి మట్టిలో దాని గుడ్లు ఉంటాయి. ఆ మట్టి ఎక్కడ పోస్తే అక్కడ నత్తల సంసారం మొదలు. బతు బస్తీలో ఆ మట్టి ఎవరిదో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

ఆనందబాబు కూతురి వ్యాసం చదవలేదు. చదవకుండానే ఊరంతా చెప్పుకున్నాడు. అందుకే నాన్సీకి ఆ తాళం ఒక రకంగా పనికొచ్చింది. అత్త అడిగితే కంపెనీ మీదికి తోసెయ్యొచ్చు. నాన్నకు ఆ నాలుగో పేజీ ఎప్పటికీ కనబడదు. అన్యాయమైన తాళమే, కానీ ఎండాకాలం గొడుగులా ఉంది.

పుష్పవతి ఊరుకునే మనిషైతే కథ ఇక్కడే అయిపోయేది. ఊరుకోలేదు. మూడో వానాకాలం పనికి నాన్సీ సంచులు తీసుకుని వెళితే, సమాజం స్త్రీలు గేట్లు తియ్యలేదు.

"కాయితం సూపించు, గేటు తీస్తాం" అంది ఫేబే.

"నువ్వు కూడానా ఫేబే దీదీ?"

"నా మీద మీ అత్త పెట్టిన కంప్లైంట్లన్నీ నీ ఫోన్లో ఉన్నాయంట. అయ్యి కూడా అచ్చేసావేటో సూసుకోవాలి."

ఆ వానాకాలం సంచులు నాన్సీ ఇంటి వరండాలోనే పడున్నాయి. నత్తలు మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. బెండ పోయింది, ఆనప పోయింది. చర్చిలో కోతల పండుగ దగ్గరపడే వేళకు పెరళ్ళలో కోయడానికి మిగిలింది గుమ్మడికాయలు, అరటి గెలలు, ఇంకా పుష్పవతి కోపం.

కోతల పండుగంటే ఎవరి ప్రథమ ఫలం వాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాలి. ప్రార్థన అయ్యాక వేలం. ఒకసారి బల్ల మీద పెట్టాక అది నీది కాదు, దేవుడిది. నీ గుమ్మడికాయ నీకే కావాలంటే నలుగురితోపాటు పాట పాడి కొనుక్కోవాల్సిందే. కొన్నవాళ్ళు మళ్ళీ బల్ల మీదే పెడతారు, అది మళ్ళీ వేలానికొస్తుంది. కిందటేడు ఒకే కోడిపుంజును ఎంతమంది కొన్నారంటే, చివరికి అది ఎవరింటికీ వెళ్ళకుండా పాస్టరుగారి వంటింటికి వెళ్ళింది.

ఆ ఆదివారం గెలలూ కొబ్బరికాయలూ పాటలో పోయాక, పాస్టరు ప్రసన్న కుమార్ బల్ల మీంచి తళతళలాడే అట్ట ఒకటి పైకెత్తాడు. రంగుల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, నాలుగు మూలలా బంగారు రంగు టేపు అతికించిన కాగితం. పైన కంపెనీ బొమ్మ. దాని కింద నాన్సీ పేరు.

"సహోదరుడు ఆనందబాబుగారు తమ కుమార్తె బుద్ధికి ప్రథమ ఫలం సమర్పించారు. నత్తల మీద వ్యాసం. పాట మొదలుపెడుతున్నాను."

నాన్సీ కుర్చీలో బిగుసుకుపోయింది. ఇంటర్నెట్‌లో కంపెనీ ఊరికే చూపించేది ఒక్క మొదటి పేజీ. పేరు, నాలుగు ముక్కల సారాంశం, కింద ఎర్రటి బటన్: కొనండి. నాన్న దాన్నే వ్యాసం మొత్తం అనుకున్నాడు. ఆ ఎర్ర బటన్‌ను కూడా కత్తిరించకుండా, అదేదో ముద్ర అనుకుని, ముచ్చటగా లామినేషన్ చేయించాడు.

పాట ఆనందబాబే మొదలుపెట్టాడు. పుష్పవతి పెంచింది. ఆయన పెంచాడు. స్త్రీల సమాజం మొత్తం బెంచీల మీద తలలు దగ్గరపెట్టి గుసగుసలాడి, అందరి పేరునా పుష్పవతి చేత ఇంకా పెంచించింది.

"అక్కా, నా కూతురిది నన్ను పాడుకోనీ."

"నీ కూతురే గానీ నత్తలు నీయేట్రా ఆనందూ? కూకో."

నత్తలు నిజంగా ఎవరివో తెలిసిన మనిషి ఆ చర్చిలో నాన్సీ ఒక్కతే. ఆమె తల వంచుకుంది.

మూడోసారి పలికాక కాగితం పుష్పవతి చేతికొచ్చింది. ఆమె దాన్ని ముందూ వెనకా తిప్పింది. వెనక తెల్లగా ఉంది.

"ఒలే నాన్సీ, ఇటు రా. తెలుగులో సదివి సెప్పు."

నాన్సీ లేచి వెళ్ళి చెప్పింది. అండమాన్‌లో ఆఫ్రికా నత్త తోటలకు చేటు చేస్తోంది. రెండు వానాకాలాలు ఇంటింటి పెరళ్ళలో చూశాం. ఎలా వ్యాపిస్తోందో, ఎలా ఆపొచ్చో కనుక్కున్నాం.

"ఎలాగాపొచ్చు?"

"అది లోపలి పేజీల్లో ఉందత్తా."

"లోపలి పేజీలు ఏయి?"

"ఇందులో లేవు. ఇది ఒక్కటే ఊరికే చూపిస్తారు."

పుష్పవతి ఆ అట్టను సంఘం వైపు తిప్పి పట్టుకుంది. "అయ్యగారూ, గుమ్మడికాయ పాడుకుంటే తొడిమ సేతిలో పెడతారేటండి?"

ముందు బెంచీలు నవ్వాయి. వెనక బెంచీలు విషయం కనుక్కుని మరీ నవ్వాయి. ఆనందబాబు మొహం కందిపోయింది. కోటు సర్దుకుని లేచాడు.

"ఆగండి. తప్పు నాదే. నాకు తెలీదు. ఆ కంపెనీవోడు ఎంతడిగితే అంత కడతాను. నా కూతురు రాసింది పూర్తిగా కొని, వచ్చే ఆదివారానికి ఇదే బల్ల మీద పెడతాను. అక్కా, అప్పటిదాకా నవ్వుకో."

కుర్చీ వైపు వెళ్ళబోతున్న నాన్సీ ఆగిపోయింది. ఏడాదిగా ఆ తాళం చాటున నిలబడింది నాన్నను కాపాడ్డానికి. ఇప్పుడు నాన్న ఆ తాళానికే వెళ్ళి కప్పం కట్టబోతున్నాడు. ఎండలో టిప్పర్ వెనక నడిచి సంపాదించిన డబ్బు. కూతురు రాసిన మాటలకు. ఒక్క మాట కూడా రాయని కంపెనీకి. అది కట్టి తెచ్చుకునేది ఏమిటంటే, తననే తప్పుపట్టే నాలుగో పేజీ.

"కొనకండి నాన్నా" అంది. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. మైకు దగ్గరుంది.

"ఎందుకు కొనకూడదు?"

"నా దగ్గరుంది. ఇన్నాళ్ళూ ఉంది."

చర్చిలో నవ్వులు ఆగిపోయాయి. పుష్పవతి ఒక కనుబొమ్మ పైకెత్తింది.

"ఈ బల్ల లాగే అనుకోండి" అంది నాన్సీ. "నేను కాయ తెచ్చి కంపెనీ బల్ల మీద పెట్టాను. వాళ్ళు తుడిచి, మెరుగు పెట్టి, స్టిక్కరేసి అమ్ముకుంటున్నారు. ఆ మెరుగుపెట్టిన కాయ వాళ్ళది, దాన్ని నేను తెచ్చి మీకివ్వలేను. కానీ గింజలు నా ఇంట్లోనే ఉన్నాయి. అవి పంచుకునే హక్కు నాకుంది. వాళ్ళే ఒప్పుకున్నారు. మెరుపుండదు. మాటలు అవే."

"గింజలు ఇంట్లో ఎట్టుకుని ఏడాదిగా నాతో కంపెనీ, తాళం అన్నావా?" అంది పుష్పవతి.

"అన్నాను."

"ఎందుకే?"

నాన్సీ తండ్రి వైపు చూసింది. ఫోన్ తీసింది. చర్చిలో సిగ్నల్ కిటికీ పక్కనే వస్తుంది. కిటికీ దగ్గరికి నడిచి, ఏడాదిగా వదిలేసిన పేజీ తెరిచి, చివరి బటన్ నొక్కింది. అక్కడ నుంచే కేక వేసింది. "యుగంధర్ భయ్యా!"

యుగంధర్ చర్చి మనిషి కాదు. పండుగ బిర్యానీకి పిలిస్తే వచ్చి, బయట పందిరి కింద అందరికంటే ముందు విస్తరి దగ్గర కూర్చున్నాడు. చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసి, కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"వచ్చింది మేడమ్. తలుపు తీసేశాను. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, ముఫ్త్." ఆగి, సంఘాన్ని చూసి, "అందరికీ వందనాలండీ" అని తల వెనక్కి తీసుకున్నాడు.

లింకు స్త్రీల సమాజం గ్రూపులోకి వెళ్ళింది. బెంచీల మీద ఫోన్లు టింగుటింగుమన్నాయి. ఇది ప్రార్థన మందిరం అని పాస్టరుగారు ఏదో అనబోయారు. ఆయన ఫోనూ టింగుమంది. అచ్చులో ఉన్న హంగేమీ లేదు. దూరదూరంగా వరసలు, పక్కన అంకెలు, బొమ్మలన్నీ చివర్లో కుప్ప. ముగింపులో కృతజ్ఞతలు. అక్కడ సమాజం స్త్రీల పేర్లన్నీ ఉన్నాయి, మొట్టమొదట పుష్పవతి.

ఆమె తన పేరు దగ్గర వేలు పెట్టి, ఆ పేర్లన్నీ సంఘమంతటికీ వినబడేలా నాన్సీ చేత చదివించింది. తర్వాత గొంతు సవరించుకుంది. "బాగుంది. ఇక సదువు. ఎలాగొస్తన్నాయంట?"

నాన్సీ చదివి తెలుగులో చెప్పింది. గోనెసంచుల గురించి, బొప్పాయి ఆకుల గురించి. ఉప్పు చల్లితే నత్తతోపాటు నేల కూడా చస్తుందని. ఆ తర్వాత నాలుగో పేజీ. మట్టి, గుడ్లు, టిప్పర్. గొంతు తగ్గించలేదు, ఒక్క ముక్క దాటెయ్యలేదు.

చర్చి మొత్తం నెమ్మదిగా ఆనందబాబు వైపు తిరిగింది. ఎవరిని చూస్తున్నారా అని ఆనందబాబు కూడా వెనక్కి తిరిగాడు. వెనక గోడ ఉంది.

"సగం ఇళ్ళ కింద నీ మట్టే కదరా ఆనందూ" అంది పుష్పవతి, ఎంతో ప్రేమగా.

"చర్చి కాంపౌండు కూడా ఆయనే ఉచితంగా నింపించారు" అన్నాడు పాస్టరుగారు. సాయం చేద్దామని అన్నమాటే. అన్నాక ఆయనకు నత్తలు కొరికేసిన తన మునగ మొక్కలు గుర్తొచ్చి మాట మధ్యలో ఆగిపోయాడు.

ఆనందబాబు కోటు బొత్తాము పెట్టుకుని బయటికి నడిచాడు.

భోజనాల దగ్గర ఆయన పందిరి కిందికి రాలేదు. గేటు పక్కన నిలిపిన తన టిప్పర్ మెట్టు మీద ఒక్కడే కూర్చున్నాడు. నాన్సీ రెండు ప్లేట్లు పట్టుకుని వెళ్ళి ఒకటి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన బిర్యానీని కాసేపు వేళ్ళతో కెలికాడు.

"నా పేరు ఏసావేటి అందులో?"

"లేదు నాన్నా. 'ఒక స్థానిక కాంట్రాక్టరు' అని రాశాను."

"ఒకడేనా? మోహన్‌కృష్ణ తోలటం లేదా పాత మట్టి? ఆడి టిప్పర్ నా దానికంటే పెద్దది."

"ఆయన మట్టి నేను చూడలేదు."

"ఎందుకు సూడలేదు?"

"మీ మట్టయితే అడక్కుండా తవ్వుకోవచ్చని."

ఆనందబాబు ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. నాన్సీకి మాత్రం అన్నం దిగలేదు. ఆయన లేచి వెళ్ళిపోతాడనుకుంది, ఇంటికొచ్చాక వారం రోజులు మాట్లాడడనుకుంది, ఇంకా చాలా అనుకుంది.

"అక్క పేరు ఏసావు" అన్నాడు చివరికి. "ఫేబే పేరు ఏసావు. ఒక్క నత్తనీ ముట్టని పాస్టరమ్మ పేరు కూడా ఏసావు. నత్తలేరినోళ్ళందరికీ థాంక్స్ సెప్పి, నత్తలిచ్చినోడికి లేదా?"

నాన్సీ నోట్లో అప్పుడే పెట్టుకున్న ముద్ద అడ్డం పడింది. దగ్గొచ్చింది. ఆయన నీళ్ళ సీసా అందించాడు. ఆయన నవ్వలేదు. నిజంగానే బాధపడుతున్నాడు.

"వచ్చే వ్యాసంలో వేస్తాను" అంది.

"పూర్తి పేరు వెయ్యి. ఇనీషియల్తో. అయితే మట్టి ఎలా సెయ్యాలంటావు?"

"ఆ మట్టిని కుప్ప పోసి కొన్నాళ్ళు టార్పాలిన్ పట్టా కప్పి ఎండలో ఉంచండి. గుడ్లు చస్తాయి. అయిదో పేజీలో ఉంది."

"అయిదో పేజీ కూడా తాళం తీసేసిందేనా?"

"అన్నీ తీసేసినవే."

"ఆ లింకు పంపు."

మర్నాడు పోర్ట్ బ్లెయిర్ కాంట్రాక్టర్ల గ్రూపులో ఆనందబాబు వాయిస్ మెసేజ్ ఒకటి పడింది. "భయ్యాలూ, పాత పెరటి మట్టి తోలేవాళ్ళు అందరూ ఇది సదువుకోండి. మా అమ్మాయి రాసింది. పైసా కట్టక్కర్లేదు, తాళం లేదు. మోహన్‌కృష్ణా, నీకు ప్రత్యేకంగా నాలుగో పేజీ." మధ్యాహ్నానికి మోహన్‌కృష్ణ యార్డులో నీలం పట్టా పరిచారని కబురొచ్చింది. ఆనందబాబు అంతకుముందే రెండు పరిచాడు.

వాన తెరిపిచ్చిన సాయంత్రం నాన్సీ వరండాలోంచి సంచులు దులిపి బయల్దేరితే, ఫేబే గేటు బార్లా తీసి ఉంది. గేటులో పుష్పవతి నిలబడి ఉంది, ఫోన్ చేతిలో పట్టుకుని. ఆమె చంకలో కొత్త ప్రశ్న చేరిందని నాన్సీకి దూరం నుంచే తెలిసిపోయింది.

"పేరు సూసుకున్నాను. బాగుంది. మిగతాదంతా ఇంగిలీసే. తెలుగులో ఏదే?"

"అత్తా, నేను తెలుగు మాట్లాడతాను గానీ రాయడం నాకు సరిగ్గా రాదు. అచ్చులు పోతాయి, ఒత్తులు పోతాయి."

"నేనెప్పుడైనా రాసి పంపానేటే నీకు?"

నాన్సీ సంచులు కింద పెట్టింది. ఫోన్ తీసి, గ్రూపులో మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుంది.

"అందరికీ వందనాలు. మొదటి పేజీ చెబుతున్నాను. ఫేబే దీదీ, భయపడకు, నీ మీద కంప్లైంట్లు ఇందులో లేవు..."